పెరట్లో బైకుకి షెడ్డు: ఒకే పనిని రెండుసార్లు చేసిన కేసు

నాది ఫ్యాబ్రికేషన్ షాపు. గేట్లు, గ్రిల్సు, రేకుల షెడ్లు, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. కొత్త కస్టమరు వస్తే బాగా కుదిరిన పనుల ఫొటోలే చూపిస్తాం, ఎవరైనా అంతే. ఈ పని మొదటిసారి కుదరలేదు, తప్పు కూడా నాదే. అందుకే రాస్తున్నాను. ఇంటివాళ్ల పేర్లు, వీధి చెప్పడం లేదు, వాళ్లని గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను. కొలతలు, వాడిన సరుకు మాత్రం ఉన్నవున్నట్టే.

ఇల్లు, బండి

విశాఖ శివార్లో, సముద్రానికి రెండు మూడు కిలోమీటర్ల లోపల ఇల్లు. రిటైరైన మాస్టారు, ఆయన భార్య ఉంటారు. ఒక్కడే కొడుకు, మర్చంట్ నేవీలో పని. ఓడెక్కితే ఆరు నుంచి ఎనిమిది నెలలు తిరిగి రాడు. అన్నాళ్లూ అతని 350 సీసీ ఎన్‌ఫీల్డ్ కదలకుండా ఉండాలి. పోర్టికోలో కారు ఉంది కాబట్టి బండికి పెరడే దిక్కు. ఇంటికీ ప్రహరీకీ మధ్య మూడున్నర అడుగుల సందు ఉంది. ముందు నుంచి పెరట్లోకి, పెరట్లోంచి రోడ్డు మీదికి అదొక్కటే దారి. సందు మొదట్లో మోకాలి ఎత్తు చెక్క గేటు ఒకటి ఉండేది, కుక్కలు రాకుండా పెట్టుకున్నది.

నా దగ్గరికి వచ్చేసరికే వాళ్లకి రెండు అనుభవాలయ్యాయి. మొదట బండిని కవరు కప్పి పెరట్లో వదిలారు. ఒకరాత్రి ఎవరో హ్యాండిల్‌ని ఒక్క గుంజు గుంజి స్టీరింగ్ లాక్ విరగ్గొట్టి సందు మధ్య దాకా తోసుకొచ్చారు. పక్కింటి కుక్క మొరగడంతో అక్కడే వదిలేసి పోయారు. తర్వాత అబ్బాయి ఆన్‌లైన్లో ఒక రెడీమేడ్ రేకు షెడ్డు తెప్పించాడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, పల్చటి రేకు, మనమే నట్లు బిగించుకోవాలి. బండి పొడవే ఏడడుగులు. ముందు చక్రం మూలకి తిప్పి ఐమూలగా ఇరికించేవారు. మూడో నెలలో ఒకరోజు పొద్దున్నే చూస్తే వెనక రేకు ఊడదీసి గోడకి నీట్‌గా ఆనించి ఉంది. ఐమూలగా ఇరుక్కున్న బండి వాళ్లకీ బయటికి రాలేదు. బ్యాటరీ, హెల్మెట్, టూల్ కిట్ పట్టుకెళ్లారు. తలుపుకున్న తాళం వేసినట్టే ఉంది.

ఆ ఫొటో నాకు చూపించి మాస్టారు అన్న మాట: "ఏమయ్యా, దొంగ వచ్చి తాళం చూసి దణ్ణం పెట్టి వెళ్లిపోవాలి. అలాంటిది కట్టు."

ఫొటోలో ఊడింది రేకు. ఆయన అడిగింది తాళం. నేనూ ఆ తేడా పట్టుకోలేదు.

మొదటిసారి ఏం ఆలోచించాను

నాలుగు దారులు అనుకున్నాం. ఇటుక గది కట్టి రోలింగ్ షట్టర్ పెట్టడం ఒకటి. నాకు లాభం అందులోనే ఎక్కువ, అయినా వద్దన్నాను. ఉప్పుగాలికి షట్టర్ గైడ్లు తుప్పు పట్టి బిగుసుకుంటాయి, నెలల తరబడి ఎత్తకపోతే మరీను. ఇంట్లో ఉండేది ఇద్దరు పెద్దవాళ్లు. రెండోది పఫ్ ప్యానెల్ గది. లోపల చల్లగా ఉంటుంది, కానీ బయట రేకు అరమిల్లీమీటరే, దాని వెనక ఉండేది నురుగు. కత్తితో కోసే గోడకి తాళం ఎందుకు? మూడోది ఇంకాస్త పెద్ద రెడీమేడ్ షెడ్డు. దాని పేరెత్తితేనే అమ్మగారు నవ్వారు. చివరికి మిగిలింది ఇనప పైపు ఫ్రేముకి జీఐ రేకు, అంటే జింకు పూత వేసిన ఇనప రేకు, కొట్టిన షెడ్డు, నేను రోజూ చేసే పనే.

సైజు మాత్రం జాగ్రత్తగా తీశాను. ఈ బండి పొడవు 2145 మిల్లీమీటర్లు, హ్యాండిల్ వెడల్పు 785, అద్దాలతో కలిపి మూడడుగులు. బరువు 195 కిలోలు. దాన్ని తోసేటప్పుడు మనిషి పక్కన నడవాలి, స్టాండు వేసేటప్పుడు వంగాలి. అందుకని లోపల తొమ్మిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ముందు ఏడడుగులు, వెనక ఆరున్నర ఎత్తు. తలుపు ఖాళీ నాలుగున్నర అడుగులు, రెండు రెక్కలు. నాలుగు సరిపోదా అని మాస్టారు అడిగారు. నాలుగులో బండి దూరుతుంది కానీ దాంతోపాటు తోసేవాడి వేళ్లు దూరవు.

తలుపు ఎటు తిప్పాలన్న దాని మీద కాస్త చర్చ జరిగింది. సందుకి ఎదురుగా పెడితే బండి తిప్పాల్సిన పని లేదు, సూటిగా తోసుకోవచ్చు. కానీ రోడ్డు మీదికి కనిపిస్తుంది. వంటింటి కిటికీ వైపు పెడితే బండిని ఒకసారి వెనక్కి లాగి తిప్పుకోవాలి. వంటింటి వైపే పెట్టాం. పొద్దున్న ఐదు నుంచి రాత్రి పది దాకా ఆ కిటికీలో ఎవరో ఒకరు ఉంటారు. ఈ ఒక్క నిర్ణయం రెండోసారీ మార్చాల్సి రాలేదు.

పునాది విషయంలో నేనెప్పుడూ బేరం ఆడనివ్వను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు గచ్చు మీద బోల్టులతో నిలబెట్టిన షెడ్లు ఎలా లేచాయో కళ్లారా చూసినవాణ్ణి. ఆరు స్తంభాలనీ ఒకటిన్నర అడుగు లోతు గుంతల్లో కాంక్రీటుతో పాతాం. నేల మీద ఆరంగుళాల మెరక చేసి, నాలుగంగుళాల స్లాబ్ పోసి, ముందు ఒక వాలు ఇచ్చాం.

ఇక తాళం. 65 మిల్లీమీటర్ల తాళం కప్పలు రెండు, మందపాటి గొళ్ళెం, అడ్డంగా ఒక గడియ. వానజల్లు, ఎలుకలు, పాములు రాకూడదని ఎక్కడా సందు లేకుండా మూసేశాను. చూరు దగ్గర నురుగు నింపాను, తలుపు అంచులకి రబ్బరు పట్టీ వేశాను. లోపల నేలకి పన్నెండు ఎంఎం యాంకర్ బోల్టులు రెండు దిగ్గొట్టి ఒక కొక్కెం బిగించి, దానికి గొలుసు. మొత్తం 48 వేలయింది. స్లాబ్ పోసిన పదో రోజున బండి లోపల పెట్టేశారు, అబ్బాయికి ఫ్లైటు టైమైందని. మాస్టారు తాళం లాగి చూసి, "ఇప్పుడు నిద్రపడుతుంది" అన్నారు. నేనూ హాయిగా నిద్రపోయాను.

ఫిబ్రవరిలో వచ్చిన ఫోను

జూలైలో కట్టాం. ఫిబ్రవరిలో అబ్బాయి ఓడ దిగి వచ్చి షెడ్డు తెరిచి, వెంటనే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఒకసారి రండి" అన్నాడు, అంతే. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ టెన్షన్.

తలుపు తీయగానే పెట్రోలు, బూజు కలిసిన వాసన కొట్టింది. సీటు మీద తెల్లటి బూజు. సైలెన్సర్ మీద క్రోమ్ వేలితో రాస్తే గరగరలాడుతోంది, రిమ్ముల్లో చువ్వల మొదళ్ల దగ్గర ఎర్రటి చుక్కలు. చైను గురించి చెప్పక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే ట్యాంకు మీద వరసగా నీటి చుక్కల మరకలు, సరిగ్గా పైకప్పు రేకు మడతలు ఉన్న ఎడంలోనే. వాన లోపలికి రాలేదు. నీళ్లు లోపలే పుట్టాయి.

తర్వాత రోజు తెల్లవారుజామున ఐదున్నరకి మళ్లీ వెళ్లి చూశాను. చలికాలం రాత్రి ఆకాశానికి ఎదురుగా ఉన్న రేకు గాలికంటే త్వరగా చల్లబడుతుంది. లోపలి గాలి చెమ్మగా ఉంటే ఆ చెమ్మంతా రేకు అడుగున పట్టి బొట్లుగా కారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసుకి చెమట పట్టినట్టే. మరి అంత చెమ్మ ఎక్కడిది? కొంత సముద్రగాలి. ఎక్కువ భాగం నేను పోసిన స్లాబే. పది రోజుల కాంక్రీటు వారాల తరబడి నీళ్లు వదులుతూనే ఉంటుంది. దాని కింద పాలిథిన్ షీటు వేయలేదు కాబట్టి నేల చెమ్మ కూడా పైకి వచ్చింది. ఆ ఆవిరి పోవడానికి ఒక్క కంత కూడా ఉంచలేదు. పైగా బండి మీద ప్లాస్టిక్ కవరు.

దొంగ కోసం మూసిన షెడ్డులో బండి ఏడు నెలలు ఉడికి, ఆరి, మళ్లీ తడిసింది.

మా కుర్రాడి పరీక్ష

సరే, గాలి కోసం కంతలు పెడదాం అనుకున్నాను. అప్పుడు నాతో వచ్చిన మా షాపు కుర్రాడు షెడ్డు చుట్టూ ఒక రౌండు తిరిగి, "ఎలాగూ విప్పుతున్నాం కదన్నా, నేనొకసారి దొంగలా ట్రై చేయనా?" అన్నాడు. సరదాగా సరే అన్నాను. షరతు ఒక్కటే, కటింగ్ మిషన్ వాడకూడదు. ఫోన్లో టైం పెట్టాను.

వాడు తలుపు వైపు చూడనే లేదు. సరాసరి వెనక్కి, ప్రహరీకీ షెడ్డుకీ మధ్య రెండడుగుల చీకట్లోకి వెళ్లాడు. జేబులోంచి ఎనిమిది నంబరు టీ పానా తీశాడు. రేకుల షెడ్లు చేసే ప్రతివాడి జేబులోనూ ఉండేదే. రేకుకి కొట్టిన సెల్ఫ్ స్క్రూలన్నింటికీ అదే తల. పద్నాలుగు స్క్రూలు. నాలుగు నిమిషాల్లో వెనక రేకు గోడకి ఆనించాడు, ఆన్‌లైన్ షెడ్డు ఫొటోలో ఉన్నట్టే, నీట్‌గా. లోపలికి దూరి పంతొమ్మిది నంబరు పానాతో యాంకర్ బోల్టు నట్లు విప్పి, గొలుసు కొక్కెంతో సహా చేతిలో పెట్టుకుని బయటికొచ్చాడు. మొత్తం ఏడు నిమిషాలు. చప్పుడు లేదు. నా రెండు తాళాలూ తలుపుకి వేలాడుతూనే ఉన్నాయి.

మాస్టారు పక్కనే నిలబడి చూస్తున్నారు. ఏమీ అనలేదు. టీ తెప్పించారు.

రెండోసారి: ముందు దారి, తర్వాత గోడ, చివర తాళం

ఆ టీ తాగుతూనే అడగాల్సిన ప్రశ్న తట్టింది. దొంగ లోపలికి ఎలా వస్తాడని కాదు, బండి బయటికి ఎలా పోతుందని. మనిషి ప్రహరీ దూకుతాడు. 195 కిలోల బండి దూకదు. అది సందులోంచే పోవాలి. అంటే షెడ్డుకంటే ముందు గట్టి చేయాల్సింది ఆ మోకాలెత్తు చెక్క గేటుని. ఆరడుగుల ఇనప గేటు పెట్టాం, బందులు లోపలివైపు. దాని మీద మనిషి కదిలితే వెలిగే లైటు. రీవర్క్‌లో అన్నింటికంటే చవకైనదీ, అన్నింటికంటే పనికొచ్చేదీ ఇదేనని నా నమ్మకం.

తర్వాత గోడ. రేకుని ఫ్రేముకి చుట్టూ వెల్డింగ్ చేసేస్తే ఎవరూ విప్పలేరు, నాకూ మొదట అదే తోచింది. కానీ వెల్డింగ్ పెట్టిన చోటల్లా జీఐ మీది జింకు కాలిపోతుంది. ఈ గాలికి రెండేళ్లలో సరిగ్గా అతుకుల దగ్గరే తుప్పు తింటుంది, అప్పుడు పానా కూడా అక్కర్లేదు. అందుకని గుండ్రటి నున్నటి తల ఉన్న బోల్టులు వాడాను. తల బయట, నట్టు లోపల, వెడల్పు వాషరు మీద. బయట నుంచి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కింది నాలుగడుగులకి పాత రేకు తీసి మందపాటి పదహారు గేజి రేకు వేశాను, దాని వెనక అడుగుకొకటి చొప్పున అడ్డ పైపులు. ఎవరైనా ఓపిగ్గా రేకు చీల్చినా ఒక చెయ్యి దూరుతుందేమో, బండి రాదు.

పైకప్పు దగ్గర ఒక చిక్కు వచ్చింది. పైరేకుని ఫ్రేముకి పట్టి ఉంచే జె హుక్కుల నట్లు పైనే ఉంటాయి, అది మార్చలేం. పైనుంచి బండిని ఎవరూ ఎత్తరు కదా అని వదిలేయబోయాను. కుర్రాడే ఆపాడు. "నేను పైనుంచి దిగి, కదలని రెక్క గడియలు లోపల్నుంచి తీసేస్తే?" నిజమే. రెండు రెక్కల్లో ఒకటి లోపల పైకీ కిందకీ గడియలతో ఆగి ఉంటుంది. అవి తీస్తే తాళం వేసున్నా రెక్కలు రెండూ కలిసి తెరుచుకుంటాయి. రేకు కింద ఆరంగుళాలకొకటి చొప్పున పది ఎంఎం కడ్డీలు వేశాం, లోపలి గడియకి చిన్న ఇత్తడి తాళం వేశాం.

తలుపు బందులు బయటికి ఉన్నాయి. పిన్ను కొట్టేస్తే రెక్క ఊడొస్తుంది. బందులు మార్చే బదులు, బందు వైపు తలుపు అంచుకి పన్నెండు ఎంఎం కడ్డీ ముక్కలు మూడు అతికించి, ఫ్రేములో వాటికి కంతలు పెట్టాను. తలుపు మూస్తే అవి కంతల్లో కూర్చుంటాయి. బందు కోసినా రెక్క కదలదు. తాళాల విషయానికొస్తే, రెండు తీసేసి ఒకటే పెట్టాను, చుట్టూ ఇనప డబ్బా అతికించి. కింద నుంచి చెయ్యి పెట్టి తాళం తీయొచ్చు, కట్టరు మాత్రం దూరదు.

గొలుసు కొక్కెం కోసం స్లాబ్‌ని ఒకటిన్నర అడుగు చదరంగా పగలగొట్టి, అంతే లోతు తవ్వి, పదహారు ఎంఎం కడ్డీని యూ ఆకారంలో వంచి కాళ్లు లోపలికి మడిచి కాంక్రీటు పోశాం. విప్పడానికి నట్టే లేదు. గొలుసు ఎక్కడ వేయాలన్నది అబ్బాయికి చూపించాను. ముందు చక్రానికి వేస్తే చక్రం విప్పి వదిలేసి బండి ఎత్తుకుపోతారు, కాబట్టి వెనక చక్రంలోంచి, ఫ్రేములోంచి. గొలుసు నేలకి ఆననివ్వకూడదు. నేల మీద పడి ఉన్న గొలుసుకి కట్టరు పెట్టి, ఒక పిడిని నేలకి ఆనించి, రెండో పిడి మీద ఒళ్లంతా మోపి తొక్కుతారు. గాల్లో బిగువుగా ఉంటే ఆ ఊతం దొరకదు.

ఇప్పుడు గాలి. ఎదురెదురు గోడల్లో నేలకి ఆరంగుళాల ఎత్తున రెండు, చూరు కింద రెండు కంతలు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కిందే పేరుకుంటుంది, కాబట్టి కింది కంతలు తప్పనిసరి. వేడిగాలి, చెమ్మ పైనుంచి పోతాయి. లోపల గట్టి జాలీ, దాని మీద ఎలుకలు, పాములు దూరకుండా సన్న మెష్. వాన కొట్టకుండా బయట ఏటవాలు రేకు. పైకప్పు అడుగున ఫాయిల్ బబుల్ షీటు కట్టాను. తలుపు రబ్బరు పట్టీ పీకేశాను. నేల మీద పాలిథిన్, దాని మీద రబ్బరు మ్యాట్. స్లాబ్ కింద వేయాల్సింది పైన వేయడం సరైన పని కాదు, కానీ స్లాబంతా పగలగొట్టించే మొహం నాకు లేదు.

ఇంకోటి విప్పేటప్పుడు బయటపడింది. మొదటిసారి షెడ్డు లోపలి లైటు వైరుని రేకు కంతలోంచి నేరుగా లాగాను. రేకు అంచు వైరు తొడుగుని సగం కోసేసింది. ఇంకొన్నాళ్లు పోతే షెడ్డంతా కరెంటు పాకేది. పైపులో వైరు వేయించి, ఫ్రేముకి ఎర్త్ ఇచ్చి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. స్విచ్చు బయటికి మార్చాం. దొంగల గురించి ఇంత ఆలోచించి మాస్టారు చేతికి షాకు కొట్టే ఏర్పాటు చేసి వచ్చాను, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బండి విషయంలో అబ్బాయి మెకానిక్ చెప్పినట్టు చేశాడు. సెంటర్ స్టాండు, బ్యాటరీ విప్పి ఇంట్లోకి, చైనుకి గ్రీజు, ట్యాంకు నిండా పెట్రోలు, ప్లాస్టిక్ బదులు నూలు దుప్పటి.

రీవర్క్‌కి 19 వేలయింది. సగం నేను పెట్టుకున్నాను. మాస్టారు మొత్తం ఇస్తానన్నారు, అది తీసుకుంటే ఈ కేసు ఎవరికీ చెప్పుకోలేను.

ఏం పనిచేసింది, ఎంతవరకు

కుర్రాడితో మళ్లీ పరీక్ష పెట్టించాను, ఈసారి రాత్రి ఎనిమిదింటికి, గునపం, హ్యాక్సా, పానాల సెట్టు ఇచ్చి. మూడో నిమిషంలో గునపం చప్పుడుకి వంటింట్లోంచి అమ్మగారు "ఎవర్రా అది!" అని కేకేశారు. చెప్పడం మర్చిపోయాం. అక్కడితో పరీక్ష ఆగిపోయినట్టే, అయినా వాణ్ణి కానివ్వమన్నాను. అరగంట తర్వాత రేకు ఒక మూల మడిచి చెయ్యి దూర్చి, చాలన్నా అన్నాడు.

తర్వాత రెండు చలికాలాలు గడిచాయి. రెండుసార్లూ జనవరిలో తెల్లవారుజామున వెళ్లి లోపల చెయ్యి పెట్టి చూశాను. రేకు అడుగున చెమట లేదు, కొత్త తుప్పు చుక్క లేదు. ఉప్పుగాలి వల్ల బోల్టు తలల మీద మాత్రం ఏటా ఒకసారి జింకు పెయింటు వేయాలి, తాళంలో గ్రాఫైటు పొడి వేయాలి. నూనె వేస్తే దుమ్ము పట్టి బిగుసుకుంటుంది.

దొంగల సంగతి అంత ధైర్యంగా చెప్పలేను. ఈ రెండేళ్లలో ఎవరూ ప్రయత్నించలేదు. షెడ్డు చూసి పోయారో, అసలు రానేలేదో నాకు తెలిసే వీల్లేదు. బ్యాటరీ మీద నడిచే కటింగ్ మిషన్ తెచ్చినవాడికి నా ఏ బోల్టూ అడ్డం కాదు. వాడికి చప్పుడు, నిప్పురవ్వలు, వంటింటి కిటికీ అడ్డం. అంతకుమించి హామీ ఏ కస్టమరుకీ ఇవ్వడం మానేశాను.

ఇప్పుడు కొలతలకి వెళ్లేటప్పుడే మూడు పనులు చేస్తున్నాను. బండి బయటికి పోయే దారంతా రోడ్డు దాకా నడిచి చూస్తాను. షెడ్డు గీసిన కాగితం కుర్రాడికిచ్చి ఎక్కడ విప్పుతావో చెప్పమంటాను. ఇన్సూరెన్సు కాగితం అడుగుతాను. ఈ మూడోది ఇక్కడే నేర్చుకున్నాను. "ఐదేళ్లకి ఉందయ్యా" అన్నారు మాస్టారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకులకి ఐదేళ్లు తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ మాత్రమే, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి. అది మన బండి పోతే పైసా ఇవ్వదు. దొంగతనానికి వర్తించే ఓన్ డ్యామేజీ మొదటి ఏడాదితోనే అయిపోయింది, ఎవరూ చూసుకోలేదు. అబ్బాయి అక్కడే నిలబడి ఫోన్లో పాలసీ తీసుకున్నాడు.

క్లెయిము వస్తే రెండు తాళంచెవులూ అడుగుతారు, జాగ్రత్త అని చెప్పి, అవి ఎక్కడున్నాయని అడిగాను. అమ్మగారు పెరటి తలుపు పక్కన మేకు చూపించారు. బండి తాళంచెవులు రెండూ, షెడ్డు తాళంచెవి, సందు గేటుది, అన్నీ ఒకే రింగుకి, దానికో చిన్న ఓడ బొమ్మ. కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెడితే అందుతుంది. నేను పెట్టి చూశాను, అందింది.

ఆ మేకు ఇప్పుడు లేదు.